హవల్దారు చూపుడువేలు

నాకు నోటి దూల ఎక్కువ. మా ఇంట్లో వాళ్ళూ, మా వీధి వాళ్ళూ, చిత్తూరు చుట్టుపక్కల తుపాకీ లైసెన్సు ఉన్న ప్రతి మనిషీ ఒప్పుకునే మాట ఇది. పని దగ్గర నా చేతులు ఎంత నిదానంగా కదులుతాయో నోరు అంత తొందరపడుతుంది. చేతులు చేసిన తప్పులు చాలావరకు అక్కడికక్కడే సరిదిద్దుకున్నాను. ఇనుము ఓపిక గలది, మళ్ళీ మళ్ళీ అవకాశం ఇస్తుంది. నోరు చేసిన తప్పు మాత్రం ఒకటి నన్ను ఇంకా వదలలేదు. దాన్ని రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

మాది తుపాకులు బాగుచేసే ఇల్లు. తాత చేశాడు, నాయన చేశాడు, నేను చేస్తున్నాను. నా తర్వాత ఎవరూ చేయరు, దానికి నాకు పెద్ద దిగులూ లేదు. లైసెన్సులు తగ్గిపోయాయి. ఇప్పుడు నా బల్ల మీద తుపాకులకన్నా కుట్టుమిషన్లూ తాళాలే ఎక్కువ కనిపిస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, అంగట్లో తెలుగు. బడిలో చదివింది తెలుగే కాబట్టి రాయడం కూడా తెలుగులోనే వస్తుంది.

మా నాయనకు ఒక పట్టుదల ఉండేది. ఎవరు ఏ తుపాకీ తెచ్చినా ముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. "యాడ మొరాయించినాది? ఎప్పుడు? ఎవురి చేతిలో?" జవాబులు విన్నాక తుపాకీ విప్పేవాడు. విప్పి, చూసి, ఆ తర్వాతే చెప్పేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి జీపు దిగకుండానే తుపాకీ లోపలికి పంపించి, "స్ప్రింగు పోయిందో లేదో ఒక్క మాట చెప్పమను, చాలు" అన్నాడు. నాయన ఆ తుపాకీని తిరిగి జీపులోనే పెట్టించాడు. నాకు అది వట్టి మొండితనంగా కనిపించేది. "ఇన్నేళ్ళు చేసినావు, పట్టుకుంటే తెలీదా నాయనా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. పట్టుకుంటే నాకు తెలిసిపోతుందని నా ధీమా.

అసలు విషయం గత ఎన్నికలప్పుడు మొదలైంది. ఎన్నికలొస్తే మా అంగడికి తిరునాళ్ళే. కోడ్ వచ్చిందంటే లైసెన్సు ఉన్న వాళ్ళంతా తమ ఆయుధాన్ని పోలీసు స్టేషన్లోగానీ, లైసెన్సు ఉన్న మా లాంటి అంగట్లోగానీ అప్పజెప్పాలి. అడవిపందుల్ని బెదరగొట్టే రైతులు, బ్యాంకుల ముందు కూర్చునే గార్డులు, తుపాకీని గోడకు తగిలించుకుని మీసం మెలేసే పెద్దమనుషులు, అందరూ అదే వారంలో వచ్చి పడతారు. ఒక్కో దానికి చీటీ కట్టాలి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టించుకోవాలి, ఇనుప బీరువాలో పెట్టాలి. ఆ వారం నాకు అన్నం తినే తీరిక ఉండదు. తీరిక లేని మనిషికి వెటకారం మాత్రం బాగా వస్తుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం హవల్దారు వచ్చాడు. ఆయన పట్టాళంలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. పాకాల దగ్గర పల్లె. రిటైరయ్యాక లైసెన్సు తీసుకుని, ఒక పాత రివాల్వరు కొనుక్కుని, తిరుపతిలో ఒక నగల అంగట్లో గార్డుగా చేరాడు. రోజూ పొద్దున పాకాల నుంచి తిరుపతికి పోవడం, సాయంత్రం రావడం. ఆ మధ్య జిల్లాలు విడిపోయినా తుపాకీ పని ఉంటే మాత్రం అలవాటుగా చిత్తూరులో నా దగ్గరికే వచ్చేవాడు. అరవై ఎనిమిదేళ్ళు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం, వంగని నడుము. అనవసరంగా మాట్లాడడు.

ఆ రివాల్వరు ముప్పై రెండు బోరుది, ఇంగ్లీషు వాళ్ళ కాలంలో చేసింది. నడుము దగ్గర విరిచినట్టు వంచితే తెరుచుకుంటుంది, తూటాలు పెట్టే చక్రం పైకి లేస్తుంది. చూడముచ్చటైన వస్తువు. దాన్ని ఆయన బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"భాయ్, ట్రిగ్గరు రాకుండా ఉండాది. రెండు నెలలుగా. రవంత సూడు."

నాయనైతే మూడు ప్రశ్నలు అడిగేవాడు. నా ముందు అప్పటికి పది మంది నిలబడి ఉన్నారు. రేకుల కప్పు కింద ఎండ దంచుతోంది. బస్సు కిటికీ పక్కన సంచిలో ఉండి వచ్చిన రివాల్వరు చేతికి వెచ్చగా తగిలింది. వంచి, ఖాళీగా ఉందని చూసుకుని, మూసి, ట్రిగ్గరు లాగాను. వచ్చింది. చక్రం తిరిగింది, వెనక ఘోడా లేచి పడింది. తూటా మీద కొట్టే ముక్కను మేం ఘోడా అంటాం. మళ్ళీ లాగాను. ఆరుసార్లు లాగితే ఆరుసార్లూ వచ్చింది. రవంత బరువుగా అనిపించిందా అంటే అనిపించిందేమో. ముప్పై ఏళ్ళు ఆకురాయి పట్టిన వేళ్ళకు అది బరువో కాదో తెలియదు.

"నాకు వస్తా ఉండాది కదన్నా," అన్నాను.

"నాకు రావడం లేదే."

"అట్లయితే తుపాకీకి ఏం కాలేదు. నీ వేలికి అయినాది వయసు. ఇంట్లో వదినకి చెప్పి ఆ వేలికి రోజూ నూనె పూయించుకో, సరిపోతాది."

పది మందీ నవ్వారు. నాకు ఆ నవ్వు బాగుంది, ఉన్నమాట చెప్పాలి కదా. హవల్దారు కూడా నవ్వాడు, అందరూ నవ్వి ఆపేశాక. తన కుడిచేతి చూపుడువేలిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత రిజిస్టరు తీసుకుని సంతకం పెట్టాడు. ఆయన సంతకం అంటే నాకు ఎప్పుడూ ముచ్చట. గుండ్రటి అక్షరాలు, కింద ఒక గీత, గీత చివర రెండు చుక్కలు. రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి మనిషి రెండు గొట్టాల తుపాకీ తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ఆ మాట మరిచిపోయాను.

ఎన్నికలైపోయాయి. అందరూ వచ్చి ఎవరిది వాళ్ళు పట్టుకుపోయారు. హవల్దారు రాలేదు. ఒకసారి ఫోను చేస్తే ఆయన భార్య ఎత్తింది. "వస్తాడు భాయ్, ఈడనే ఉండాడు," అంది, అంతే. వానాకాలం పోయింది, దసరా పోయింది. బీరువాలో మిగిలిన ఆ ఒక్క రివాల్వరును చూసినప్పుడల్లా ఆయన మీద విసుగు వచ్చేది, ఇంత క్రమం గల మనిషికి ఏం పోయేకాలం అని.

ధనుర్మాసంలో ఒక పొద్దున వచ్చారు, ఆలుమగలిద్దరూ. రాత్రంతా తుంపర పడి వీధి చిత్తడిగా ఉంది. అంగట్లో కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి. ఆయన శాలువా కప్పుకుని ఉన్నాడు, కుడిచెయ్యి దాని లోపలే ఉంది. సంచీ ఆమె మోస్తోంది. ఆయనను ముందు కూర్చోబెట్టి, శాలువా సర్ది, అప్పుడు నా వైపు తిరిగింది.

"దీన్ని అమ్మేయాలనుకుంటా ఉండాం భాయ్. కాగితాలన్నీ తెచ్చినాం. ఎవురన్నా లైసెన్సు ఉండేవాళ్ళు ఉంటే సూడు."

"ఎందుకమ్మా? ఉద్యోగం?"

"మానేసినాడు. ఎన్నికలప్పుడే."

"వాళ్ళు తీసేసినారా?"

హవల్దారు మొదటిసారి నోరు విప్పాడు. "వాళ్ళేమీ అనలేదు భాయ్. ట్రిగ్గరు లాగలేనోడు కాపలా ఏం కాస్తాడు? నేనే సెప్పి వచ్చేసినా. ఇప్పుడు ఇంకొకరు ఉండారు ఆడ."

నేను రిజిస్టరు తీశాను. అమ్మకానికి ఇచ్చినట్టు రాసి, పెన్ను ఆయన వైపు తిప్పాను. ఆయన కదల్లేదు. ఆమె సంచిలోంచి వేలిముద్రల ఇంకు డబ్బీ తీసింది. ఇంటి నుంచి తెచ్చుకున్నారు. శాలువా కింద నుంచి ఎడమచెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలిని ఆమె పట్టుకుని, ఇంకులో అద్ది, నా రిజిస్టరులో ఒత్తింది. అదే పుస్తకంలో కొన్ని పేజీల వెనక ఆ గుండ్రటి సంతకం ఉంది. ఇక్కడ ముద్ర.

"చేతికి ఏమైనాదన్నా?" అని అడిగాను. నిజంగానే నాకు తట్టలేదు.

ఆయన తల తిప్పుకున్నాడు. ఆమే చెప్పింది. వాళ్ళ పెద్ద బావగారికి, అంటే హవల్దారు అన్నకి, పక్షవాతం కుడిచేతి చూపుడువేలితోనే మొదలైందట. ముందు వేలు, తర్వాత చెయ్యి, తర్వాత సగం మనిషి. నాలుగేళ్ళు మంచంలో ఉండి చనిపోయాడు. ఎన్నికల నాటికే హవల్దారుకు రెండు నెలలుగా లోపల ఆ భయం ఉంటే, తేల్చుకుందామని నా దగ్గరికి వచ్చాడు. తుపాకీలో లోపమని నేను చెబుతానేమో అని ఆశపడి వచ్చాడు.

"నువ్వు వేలిదే అన్నావంట కదా. ఆ పొద్దు ఇంటికి వచ్చి, అన్నకి అయినట్టే నాకూ అయితా ఉండాది అన్నాడు. ఆ చెయ్యి వాడితే తొందరగా పోతాదని, ఉండే బలాన్ని దాచుకుంటానని, ఇంక దాన్ని కదిలించడు. బొత్తాలు నేనే పెడతా. రాసేది లేదు. ముద్ద కూడా ఎడమ చేత్తోనే. ఎడమ చేత్తో తినేది నలుగురూ సూస్తారని పెండ్లిండ్లకు పోడు, ఒకరింటికి పోడు. మా చెల్లెలి మనవడి పేరు పెట్టిన దానికి కూడా రాలే."

"డాక్టరుకు చూపించలేదా అమ్మా? తిరుపతిలో ఎన్ని ఆసుపత్రులు ఉండాయి."

"పోదామని శానా తూర్లు అడిగినా. భాయ్ పట్టుకోని సూసి సెప్పినాడు, ఇంకా డాక్టరు ఏం సెప్తాడు అంటాడు."

లేచి బీరువా తెరిచి రివాల్వరు చేతిలోకి తీసుకున్నాను. ఇనుము మంచుగడ్డలా ఉంది. అమ్మకానికి పెట్టే ముందు ఒకసారి ఆడించి చూడాలి కదా. వంచి, ఖాళీగా ఉందని చూసి, మూసి, ట్రిగ్గరు లాగాను.

రాలేదు.

వేలు మార్చి లాగాను. ట్రిగ్గరు రవంత వెనక్కి వచ్చి, బంకలో కాలు దిగినట్టు ఆగింది. నా వేలి కింద. ఆకురాయి పట్టిన ఈ వేలి కింద. గట్టిగా బిగించి లాగితే చక్రం సగం తిరిగి నిలబడింది.  

అప్పుడు అడిగాను, ఎనిమిది నెలలు ఆలస్యంగా. "అన్నా, మొదట్లో ఇది యాడ రాకుండా పోయినాది?"

"అంగట్లోనే. పొద్దున డ్యూటీకి కూర్చునేముందు ఖాళీ చేసి ఒక తూరి ఆడిస్తా కదా, అప్పుడు."

"ఆడ ఏసీ ఉంటాదా?"

"నగల అంగడి కదా భాయ్. ఎప్పుడూ ఉంటాది. పొద్దున్నయితే వణుకు పుడతాది."

నాయన అడిగే మొదటి ప్రశ్న అది. అది ఒక్కటి అడిగి ఉన్నా చాలు. చల్లటి గదిలో బిగుసుకుపోయింది, ఎండలో వదులైంది ఆయన వేలు కాదు, తుపాకీ. లోపల ఏదో జిగురు ఉంది. ఆ మధ్యాహ్నం రేకుల కింద, సంచిలో వేడెక్కి, అది మెత్తబడి నా వేలికి లొంగింది. నేను ఆరుసార్లు లాగి గొప్పగా తీర్పు చెప్పాను.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పక్క పలక మరలు తీశాను. పలక లేవడానికి మొరాయించింది. సన్నటి కత్తితో అంచు లేపితే చర్రుమని వచ్చింది. లోపల ఎక్కడా ఇనుము రంగు కనబడలేదు. ఊరగాయ జాడీ మూత కింద ఎండిపోయిన నూనెలా ముదురు పసుపు రంగు జిగురు. ట్రిగ్గరు తిరిగే చోట, చక్రాన్ని నెట్టే చిన్న కడ్డీ చుట్టూ, స్ప్రింగు మెలికల్లో, అంతా అదే. అక్కడక్కడ ఎర్రగా. చెక్కపుల్లతో గీకి గుడ్డ మీద పెడితే పొరలు పొరలుగా ఊడింది. వాసన చూశాను, అవసరం లేకపోయినా. పసుపు, నువ్వులనూనె.

నాకు ఇది కొత్త కాదు. అదే నన్ను ఎక్కువగా పొడిచిన విషయం. ఏటా దసరా అయిన నెలలో నాలుగైదు తుపాకుల మీద పసుపు, కుంకుమ తుడవడం నాకు అలవాటే. ఆయుధపూజకు తుపాకీకి బొట్టు పెట్టని ఇల్లు ఈ పక్క లేదు. నా అంగట్లో పట్టకర్రకు కూడా పక్కింటి ఆమె వచ్చి బొట్టు పెట్టి పోతుంది, తాత నాటి నుంచీ ఎవరూ వద్దనలేదు. పొడవు తుపాకులకు అది పైపైనే ఉంటుంది. ఇంత చిన్న రివాల్వరులో సందు దొరికిన చోటల్లా లోపలికి దిగుతుందని తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆమె దగ్గరికి వచ్చి గుడ్డ మీదికి వంగింది. నేను చెప్పకముందే గుర్తుపట్టింది.

"అది పసుపు కదా భాయ్?"

"ప్రతి ఏడూ పూజ చేస్తావా అమ్మా దీనికి?"

"చేయకుండా ఉంటామా? మా ఇంట్లో కొడవలికి, కుట్టుమిషనుకి, ఈయన తుపాకీకి, మూడిటికీ చేస్తా. దీనికి నీళ్ళు తగిలితే తుప్పు పడతాదని ఈయన సెప్పినాడు. అందుకని నీళ్ళు తగలనీకుండా పసుపును నువ్వులనూనెలో కలిపి పూస్తా. చక్రం తిప్పి తిప్పి అంతా పూస్తా. పంతొమ్మిది ఏండ్లు ఒక్క ఏడు కూడా తప్పించలేదు. ఈ ఏడే, ఇది నీ దగ్గర ఉండి పోయినాది..." అంటూ ఆమె ఆగింది. గుడ్డ మీది పొరల్ని చూసింది. నా ముఖం చూసింది. "అంటే నేనేనా?"

హవల్దారు కుర్చీలోంచి లేచాడు. ఆయన ముఖంలో ముందు అర్థం కానితనం, తర్వాత ఇంకేదో. భార్య వైపు తిరిగాడు. నోరు తెరవబోతున్నాడు.

ఆ ఒక్క క్షణం గురించే నాకు ఇప్పటికీ సిగ్గు. నేను ఊరుకుంటే చాలు. ఆయన ఆమెను నాలుగు మాటలంటాడు, ఆమె కళ్ళు తుడుచుకుంటుంది, నేను మధ్యలో వచ్చి "పోనీలే అన్నా, భక్తితో చేసింది" అని పెద్దరికం చేయొచ్చు. ఎనిమిది నెలల కింద నేను అన్న మాట ఆ పసుపు కింద మరుగున పడిపోతుంది. ఇంత పాడు ఆలోచన అంత తొందరగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అన్నా, ఆమెను ఏమీ అనొద్దు," అన్నాను. "తప్పు ఆయమ్మది కాదు. పసుపు ఎవురైనా పూస్తారు. విప్పి సూడాల్సినోడిని నేను. ఆ పొద్దు విప్పి ఉంటే గంట పని. విప్పకుండా సెప్పినాను. నీ వేలికి ఏం కాలేదన్నా. ఏమీ కాలేదు. ఆ పొద్దు కూడా కాలేదు."

ఆయన కూర్చున్నాడు.  నేను తల వంచుకుని పనిలో పడ్డాను. ముక్కలన్నీ విప్పి కిరోసిన్‌లో వేశాను. పాత పళ్ళబ్రష్షుతో ఒక్కొక్కటీ తోమాను. కిరోసిన్ పసుపు నీళ్ళలా మారింది, పారబోసి మళ్ళీ పోశాను, మూడోసారికి తేటగా నిలిచింది. స్ప్రింగు బాగుంది. చక్రాన్ని తిప్పే కడ్డీ కొస అరగలేదు. ఎక్కడా పగులు లేదు. ఆ పాత ఇనుముకు ఏ రోగమూ లేదు. తుడిచి, ఆరబెట్టి, తిరిగే చోట ఒక్కో చుక్క మిషన్ ఆయిలు వేసి, బిగించాను.  ఆమె ఆ మురికిగుడ్డను మడిచి ఒళ్ళో పెట్టుకుంది, పూజలో పెట్టిన పసుపు కదా, ఎక్కడ పడేయాలో తెలియక.

ట్రిగ్గరు లాగి చూశాను. వెన్నలా వచ్చింది. మందు లేని ఉత్తుత్తి తూటాలు ఆరు చక్రంలో పెట్టి, రివాల్వరును ఆయన ముందుకు జరిపాను.

ఆయన ముట్టుకోలేదు. శాలువా కింద కుడిచెయ్యి కదిలింది, ఆగింది. యుద్ధాలు చూసిన మనిషి, బల్ల మీది పేలని రివాల్వరుకు భయపడుతున్నాడు. ఇప్పుడు కూడా రాకపోతే ఇంక తప్పు వేయడానికి ఏమీ మిగలదు కదా. అది నాకూ తెలుసు. 

"తీసుకోప్పా," అంది ఆమె, మెల్లగా. "నేను ఉండా కదా."

చెయ్యి బయటికి వచ్చింది. సన్నబడింది, తోలు వదులైంది. పిడి పట్టుకున్నాడు. గోడ వైపు తిప్పి, గొట్టం నేలకు వంచి, చూపుడువేలు లోపల పెట్టాడు. ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు.

టక్.

కాసేపు ఆగి, మళ్ళీ టక్. తర్వాత ఆపకుండా నాలుగు. ఆరూ అయ్యాక రివాల్వరును బల్ల మీద పెట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కళ్ళు తడిశాయి, కానీ ఏడవలేదు.

"నన్ను క్షమించన్నా," అన్నాను. ఉర్దూలో ఎన్నోసార్లు అన్న మాట, తెలుగులో అనడం అదే మొదటిసారి అనుకుంటా.

ఆయన నా వైపు తిరిగాడు.

"తప్పు ఎవురైనా సెప్తారు భాయ్. నువ్వు తప్పు సెప్పినావని కాదు. నేను గొంతు తగ్గించి అడిగితిని. నువ్వు నలుగురికీ ఇనపడేట్టు సెప్పినావు. అందరూ నవ్విరి. అందుకే ఇంకొకరిని అడిగేదానికి నాకు మొగం సెల్లలేదు."

 నోటి దూల అని నలుగురూ ముద్దుగా అనుకునే గుణం ఒక మనిషిని ఎనిమిది నెలలు ఎడమచేత్తో అన్నం తినేలా చేసింది. ఆ పొద్దు నవ్విన పది మందికీ ఎందుకు నవ్వారో గుర్తు కూడా ఉండదు.

"ఆ పుస్తకం ఇట్లియ్యి," అన్నాడు.

రిజిస్టరు ఇచ్చాను. అమ్మకానికి అని రాసిన వరుసను తనే అడ్డంగా కొట్టేశాడు. పక్కన సంతకం పెట్టబోయాడు. పెన్ను వేళ్ళ మధ్య కుదురుకోలేదు. మొదటి అక్షరం పెద్దదైంది, రెండోది వరుస దాటి కిందికి జారింది, గుండ్రాలన్నీ సొట్టలు పోయాయి. కింద గీత గీసేసరికి అది వంకరగా పోయి వేలిముద్రను తాకింది. రెండు చుక్కలు పెట్టలేదు.

ముగ్గురం ఆ సంతకం చూశాం. ఆ మధ్యాహ్నం నేను చెప్పింది అబద్ధం. ఎనిమిది నెలలు మూల పెట్టిన చేతిలో ఆ అబద్ధం కొంత నిజమై కూర్చుంది. కిరోసిన్‌తో పోయేది కాదు అది. నా ముఖం చూసి ఆయనకు నేనేం అనుకుంటున్నానో తెలిసిపోయి ఉండాలి.

"తుపాకీ నువ్వు బాగుచేసినావు," అన్నాడు కుడిచేతిని ఎడమచేత్తో ఒత్తుకుంటూ. "దీన్ని నేను సూసుకుంటాలే."

"ముందు ఆసుపత్రికి పోయి ఒక తూరి చూపించన్నా. నా మాట నమ్మొద్దు."

"ఈ తూరి నమ్మనులే," అన్నాడు. వచ్చినప్పటి నుంచీ మొదటిసారి రవంత నవ్వాడు.

ఆమె లేస్తూ అడిగింది, "మరి వచ్చే ఏడు పూజకి ఏం చేసేది భాయ్? బొట్టు లేకుండా పెట్టకూడదు కదా."

"పెట్టమ్మా. చెక్క పిడికి పెట్టు, ఎంత పెద్దదైనా పెట్టు. ఇనుముకి మాత్రం వద్దు."

రివాల్వరు సంచిలో పెట్టి, కాగితాలు పైన పెట్టి, నేను బల్ల మీద ఉంచాను. వీధి చివర పాకాల బస్సు హారను వినిపించింది. ఎనిమిది నెలల అలవాటు కొద్దీ ఆమె సంచీ అందుకోబోయింది. హవల్దారు కుడిచెయ్యి ముందుకు వచ్చి సంచీ పిడి పట్టుకుంది. బరువుకు మణికట్టు కిందికి వాలింది. ఆమె తన చెయ్యి కూడా వేయబోయింది.

ఆయన ఇవ్వలేదు.